నాకేం జబ్బని మాత్ర మింగాలి?

మధ్యాహ్నం అన్నాల వేళ. వీధి అరుగు దగ్గర ఆశా కార్యకర్త నిలబడి ఉంటుంది. చంకలో రిజిస్టరు, సంచిలో మాత్రల డబ్బాలు, మింగినవాళ్ల వేలికి గుర్తు పెట్టడానికి ఓ మార్కరు పెన్ను. ‘బాబాయ్ గారూ, బోదకాలు మాత్రలండి. నా ఎదురుగా మింగెయ్యాలి’ అంటుంది. ‘మా ఇంట్లో ఎవరికీ బోదకాలు లేదు కదమ్మా! నాకేం జబ్బని మింగాలి? అక్కడ పెట్టెళ్లు, అన్నం తిన్నాక వేసుకుంటాలే’ అంటాడాయన. మాత్రలు కిటికీ గూట్లోకి చేరతాయి. రెండు రోజుల్లో వాటి మీదకి కరెంటు బిల్లు, ఎవరిదో పెళ్లి శుభలేఖ చేరతాయి. ఆ తర్వాత వాటి ఊసే ఎవరికీ గుర్తుండదు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఒంట్లో నలత లేని మనిషిని పట్టుకుని మందు మింగమంటే ఎందుకని అడుగుతాడు. అడగాలి కూడా. తప్పంతా ఆ ప్రశ్నకు ఇన్నేళ్లుగా నిండు జవాబు చెప్పకపోవడంలో ఉంది. ‘బోదకాలు రాకుండా ఉంటుందండి’ అని ఒక ముక్క చెప్పి వదిలేస్తున్నారు. అది సగం జవాబే. మిగతా సగం వింటే చాలామంది ఉలిక్కిపడతారు. ఊళ్లో ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకేది ఎక్కువగా కాలు వాచినవాళ్ల వల్ల కాదు. ఏ జబ్బూ లేదనుకుంటూ హాయిగా తిరుగుతున్నవాళ్ల వల్ల.

డాక్టర్లు ఫైలేరియా అని పిలిచే బోదకాలుకి కారణం దారప్పోగులా ఉండే సన్నటి పురుగు. మన దేశంలో దాదాపు అన్ని కేసులకీ ఉకరేరియా బాంక్రాఫ్టి అనే ఒక్క రకమే మూలం. ఆడ పురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది, మగది అందులో సగం కూడా ఉండదు. కణజాలంలో మిగిలిపోయిన నీటిని మళ్లీ రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలు ఒంటి నిండా ఉంటాయి. వాటినే శోషరస నాళాలంటారు. పురుగులు అందులో కాపురం పెడతాయి. 6 నుంచి 8 ఏళ్లు బతుకుతాయి. అన్నాళ్లూ ఆడ పురుగు లక్షల కొద్దీ పిల్లల్ని రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. ఆ పిల్ల పురుగుల్ని మైక్రోఫైలేరియా అంటారు. ఒక్కోటీ పావు మిల్లీమీటరు పైచిలుకు పొడవు, మామూలు కంటికి ఆనవు. దోమ కుట్టినప్పుడు రక్తంతో పాటు దాని కడుపులోకి వెళ్తాయి. అక్కడ 10 నుంచి 14 రోజుల్లో ఎదిగి, ఆ దోమ ఇంకొకరిని కుట్టినప్పుడు వాళ్ల చర్మం మీదకి దిగి, కుట్టిన కన్నం గుండా లోపలికి దూరతాయి. అవి పెద్దవై, జత కట్టి, పిల్లలు పెట్టడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది.

ఇంత తతంగం ఒంట్లో నడుస్తున్నా మనిషికి ఏమీ తెలియదు. పురుగు అంత తెలివిగా శరీరంతో రాజీ కుదుర్చుకుంటుంది. పరాయిదాన్ని చూడగానే తిరగబడాల్సిన రోగనిరోధక శక్తిని మెత్తబరుస్తుంది. జ్వరం ఉండదు, వాపు ఉండదు. రాజీ చెడినప్పుడే గొడవ పైకొస్తుంది. పురుగులు చచ్చి నాళాలు మూసుకుపోవడం, శరీరం ఆలస్యంగా తిరగబడటం, కాలివేళ్ల సందుల్లోంచి సూక్ష్మజీవులు చేరి మాటిమాటికీ చలిజ్వరం రావడం, గజ్జల్లో బిళ్లలు కట్టడం, ఇవన్నీ పోగుపడి ఏళ్లకి ఏళ్లు గడిచాక కాలు వాస్తుంది. మగవాళ్లలో చాలామందికి వరిబీజం వస్తుంది. కాలు ఏనుగు పాదంలా మందమయ్యేసరికి, అసలు కారణమైన పురుగులు చాలావరకూ చచ్చిపోయి ఉంటాయి. అందుకే బోదకాలు బాగా ముదిరినవాళ్ల రక్తం పరీక్షిస్తే పిల్ల పురుగులు తరచుగా కనబడవు. ఊరు వేలెత్తి చూపించే ఆ కాలు పాతికేళ్ల కిందటి దోమకాటుకి గుర్తు. ఇవాళ రాత్రి దోమకు దొరికే పురుగు వేరేవాళ్ల ఒంట్లో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ఈ జబ్బు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టేనాటికి ప్రపంచవ్యాప్తంగా 12 కోట్ల మందికి పైగా ఈ పురుగు సోకి ఉంటుందని అంచనా వేశారు. అందులో అవయవాలు వికారంగా మారినవాళ్లు 4 కోట్ల మంది. అంటే ముగ్గురిలో ఇద్దరికి పైకి ఏమీ తెలియదు.

వీళ్లని పట్టుకోవడం ఎంత కష్టమో రాత్రి రక్తపరీక్షకి వెళ్లే బృందానికి తెలుస్తుంది. ఈ పిల్ల పురుగులు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో నక్కి ఉంటాయి. రాత్రి పదింటి నుంచి రెండింటి మధ్య, మనిషి నిద్రలో ఉన్నప్పుడు, చర్మం దగ్గర ఉండే సన్నని నాళాల్లోకి గుంపులుగా వస్తాయి. ఈ జబ్బుని మోసే దోమ కుట్టేది కూడా సరిగ్గా ఆ వేళకే. దోమ రాకకీ పురుగు రాకకీ ఉన్న ఈ పొంతన వైద్యులకు తెలిసి నూట నలభై ఏళ్లు దాటింది. దోమ ఒంట్లో ఫైలేరియా పురుగు ఎదుగుతుందని 1877లో చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు కనిపెట్టాడు. దోమ ద్వారా మనిషికి జబ్బు వస్తుందన్న ఆలోచనకి అది గట్టి పునాది.

కాబట్టి పగటిపూట ల్యాబులో రక్తం ఇచ్చి ‘నాకు ఫైలేరియా లేదని రిపోర్టు వచ్చింది’ అనుకుంటే లాభం లేదు. పల్లెలో పొద్దు గుంకి, అన్నాలు తిని, మంచాలు వాల్చాక బృందం రావాలి. టార్చిలైటు వెలుగులో వేలి కొస గుచ్చి 20 ఘనపు మిల్లీమీటర్ల రక్తం, అంటే చిన్న బొట్టు, గాజు పలక మీద మందంగా పూస్తారు. ఆరనిచ్చి, మర్నాడు నీళ్లలో ముంచి ఎరుపు వదలగొట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెడతారు. నీలం రంగు అంటిన మైక్రోఫైలేరియా మెలికలు తిరిగిన నూలుపోగులా కనబడుతుంది. ఆ ఒక్క బొట్టులో పది పోగులు కనబడ్డాయనుకుందాం. మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం. 20 ఘనపు మిల్లీమీటర్లకు పది చొప్పున లెక్కకడితే ఒళ్లంతా కలిపి 25 లక్షలు. ఆ పలక ఎవరిదా అని చూస్తే పొద్దున్నే సైకిలు మీద కొబ్బరి దింపుకి వెళ్లిన కుర్రాడిది కావచ్చు, పరీక్షలకి చదువుకుంటున్న అమ్మాయిది కావచ్చు. వాళ్లకి తలనొప్పి కూడా ఉండదు.

గోదావరి డెల్టాకీ ఈ పురుగుకీ పాత పరిచయం. అందుకే ఫైలేరియా మీద శిక్షణకీ పరిశోధనకీ దేశంలో ఏర్పాటు చేసిన ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి రాజమహేంద్రవరంలో పెట్టారు. డెల్టాలో ఎవర్ని అడిగినా దోమలకి కారణం వరిచేలూ కాలువలూ అంటారు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ పంట కాలువలూ, బోదెలూ, నీళ్లు నిలిచిన మడులూ ఈ నేల స్వరూపం. కాబట్టి ఆ నింద వాటి మీదకి పోవడం సహజమే. కానీ వరిమడి నీళ్లలో పుట్టే దోమలు వేరు, ఫైలేరియాని మోసే దోమ వేరు. క్యూలెక్స్ క్విన్‌క్విఫాషియేటస్ అనే ఈ దోమకి పారే కాలువ నీళ్లు పనికిరావు. దానికి మురుగు కావాలి. పెరటి వెనక కదలకుండా నిలిచిన డ్రెయిను, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకు, బావి చప్టా కింద ఊరే గుంట, స్నానాల దొడ్డి నీళ్లు చేరే గొయ్యి, ఇవే దాని పుట్టిళ్లు.

డెల్టాకి ఉన్న అసలు చిక్కు వాలు లేకపోవడం. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో, అరచెయ్యిలా చదునుగా పరుచుకున్న ఒండ్రు నేల. పంచాయతీ ఎంత డబ్బు పోసి సిమెంటు డ్రెయిను కట్టినా నీరు ఎటు పోవాలో దానికే తెలియదు. రెండడుగులు తవ్వితే నీరు ఊరే చోట సెప్టిక్ ట్యాంకు నిండటానికి ఎన్నాళ్లో పట్టదు. జోరువాన పడితే డ్రెయిను కడుక్కుపోయి లార్వాలు కొట్టుకుపోతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక, కొత్త నీరు రాక, డ్రెయిన్లలో మురుగు చిక్కబడి నల్లగా నిలుస్తుంది. సాయంత్రం ఆరింటికి ఆ పక్కన నిలబడితే దోమలు నెత్తి మీద గొడుగులా తిరుగుతుంటాయి. పెరట్లో డ్రెయిను పెట్టుకుని పొలం మీదకి నేరం నెట్టడం వల్ల చెయ్యగలిగిన పని కూడా చెయ్యకుండా పోతున్నాం. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం మూతికి దోమతెర గుడ్డ బిగించి కట్టడం అయిదు నిమిషాల పని. దోమ లోపలికి పోలేదు, లోపల పుట్టింది బయటికి రాలేదు. పంచాయతీ వాళ్లు డ్రెయిన్లలో వేసే ఆయిల్ బాల్స్ కంటే ఇదే ఎక్కువ కాలం పనిచేస్తుంది, దానికి ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

కనబడే జబ్బుకి దూరం జరగడం, కనబడనిదాన్ని లేదనుకోవడం మనుషుల అలవాటు. బోదకాలు విషయంలో ఆ అలవాటు రెండు వైపులా దెబ్బ తీసింది. కాలు వాచినావిడ పక్కన బస్సులో కూర్చోవడానికి జంకుతారు. ఆ ఇంటి పిల్లని చేసుకోవడానికి వెనకాడతారు. పెళ్లి పందిట్లో ఆవిడ కుచ్చిళ్లు కాళ్ల మీదకి లాక్కుని ఓ మూల కూర్చుంటుంది. ఆమె వల్ల ఎవరికీ ఏమీ అంటదు. తాకితే అంటే జబ్బే కాదిది, పైగా ఆమె రక్తంలో పిల్ల పురుగులు ఉండే అవకాశం తక్కువ. అదే పందిట్లో ఉరుకులు పరుగులుగా వడ్డిస్తున్న ఆరోగ్యవంతుడైన యువకుడి రక్తంలో లక్షల పురుగులు ఉండొచ్చు. అతనిదీ నేరం కాదు, అతనికి తెలియనే తెలియదు. లక్షణాలు లేకుండా జబ్బు పాకుతుందన్న విషయం అర్థమైతే నింద ఎవరి మీదా నిలవదు. ఒక తరం ఆడవాళ్లు పడిన ఆ అవమానానికి ఈ చిన్న శాస్త్ర విషయం ఊళ్లో చెప్పేవాళ్లు లేకపోవడమే చాలావరకూ కారణం.

ప్రజారోగ్యం కోణంలో చూస్తే అంటువ్యాధుల్ని రెండు రకాలుగా విడదీయొచ్చు. ఒంటి మీద కనబడ్డాకే అంటించేవి కొన్ని. మశూచి అలాంటిది. పొక్కులు లేని మనిషి దాన్ని అంటించలేడు. అందుకే పొక్కులున్న ఇల్లు వెతకడం, చుట్టూ ఉన్నవాళ్లకి టీకాలు వెయ్యడం అనే పద్ధతి పనిచేసింది, 1980లో ప్రపంచమంతా మశూచి పోయిందని ప్రకటించగలిగారు. 2003లో ప్రబలిన సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు కూడా దాదాపు అంతే. రోగి బాగా జబ్బుపడి ఆసుపత్రిలో చేరాకే ఎక్కువగా అంటించేవాడు. ఎనిమిది వేల పైచిలుకు కేసులతో దాన్ని కట్టడి చేశారు. ఆ వైరస్‌కి దగ్గర చుట్టమే కోవిడ్ వైరస్, కానీ అది జ్వరం రాకముందే, కొందరిలో అసలు జ్వరమే రాకుండా పాకింది. 2020లో సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర నుదుటికి గన్ పెట్టి జ్వరం చూసి లోపలికి పంపడం అందరికీ గుర్తే. జ్వరం లేకుండా వైరస్‌ని మోసేవాడు ఆ గుమ్మం దాటి దర్జాగా లోపలికి వెళ్లిపోయాడు. రెండు వైరస్‌ల మధ్య తేడాల్లో ఈ ఒక్కటీ ప్రపంచాన్ని రెండేళ్లు ఇళ్లలో కూర్చోబెట్టింది.

పోలియో డెల్టా తల్లులకి ఇంకా బాగా తెలిసిన ఉదాహరణ. ఆ వైరస్ సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికి మాత్రమే కాళ్లు చచ్చుబడతాయి. మిగతావాళ్లలో అత్యధికులకు ఏమీ తెలియదు, కానీ అంటిస్తారు. ఒక ఊళ్లో ఒక బిడ్డకి పోలియో వచ్చిందంటే అప్పటికే ఎంతోమంది పిల్లల పేగుల్లో అది తిరిగేసిందని అర్థం. ఎవరికి ఉందో వెతుక్కుంటూ కూర్చోకుండా, అయిదేళ్ల లోపు పిల్లలందరికీ ఆదివారం పూట చుక్కలు వెయ్యడం అందుకే. మొన్న వేశారు కదా మళ్లీ ఎందుకని గొణిగినా అందరూ పిల్లల్ని బూత్‌కి ఎత్తుకెళ్లారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు రాలేదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అప్పుడు ‘మా బిడ్డకి పోలియో లేదు కదా, చుక్కలెందుకు?’ అని దాదాపు ఎవరూ అడగలేదు. బోదకాలు మాత్ర దగ్గరికొచ్చేసరికి అదే ప్రశ్న గుమ్మంలో నిలబడుతోంది. బిడ్డ విషయంలో ఉన్న భయం పెద్దవాళ్లకి తమ విషయంలో ఉండదు.

1955లో దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. దశాబ్దాల పాటు దాని పని ఎక్కువగా పట్టణాల్లో, రెండు దారుల్లో నడిచింది. మురుగులో లార్వాల మందు కొట్టడం ఒకటి, రాత్రి రక్తం తీసి పురుగు కనబడినవాళ్లకి మందివ్వడం ఇంకొకటి. దొంగని పట్టుకుని శిక్షించే పద్ధతి. సిబ్బంది కష్టపడ్డారు, ఫలితం కూడా కొంత ఉంది. కానీ జిల్లా జనాభా అంతటికీ అర్ధరాత్రి వేలు గుచ్చడం ఎవరి తరం? ఒక్క బొట్టులో దొరకనంత పలచగా పురుగులున్నవాళ్లు ఎటూ తప్పించుకుంటారు. చివరికి 2004 నుంచి దేశంలో దారి మార్చారు. ఎవరికి ఉందో వెతకడం మాని, జబ్బు ఉన్న జిల్లాల్లో అందరికీ ఏడాదికోసారి ఫైలేరియా పురుగుల మందైన డీఈసీ మాత్రలు, ఆ తర్వాత వాటికి తోడు ఆల్బెండజోల్ ఇస్తున్నారు. రెండేళ్లలోపు పిల్లలకీ, గర్భిణులకీ, బాగా జబ్బుతో ఉన్నవాళ్లకీ ఇవ్వరు. పెద్దవాళ్లకి డీఈసీ 100 మిల్లీగ్రాముల బిళ్లలు మూడు, 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకి రెండు, 2 నుంచి 5 ఏళ్ల వాళ్లకి ఒకటి. పరగడుపున వేసుకోకూడదు.

ఏటా ఎందుకు? ఒకసారి వేసుకుంటే చాలదా? ఈ మందు పిల్ల పురుగుల్ని చంపినంత బాగా పెద్ద పురుగుల్ని చంపలేదు. రక్తం కొన్నాళ్లు శుభ్రపడుతుంది, తర్వాత మిగిలిన పెద్ద పురుగులు మళ్లీ పిల్లల్ని వదలడం మొదలుపెడతాయి. వచ్చే ఏడాది మళ్లీ మాత్ర. ఇలా ఏటా రక్తాన్ని కడుగుతూ పోతే, దోమకి పురుగు దొరక్కుండా ఉండగానే పెద్ద పురుగుల ఆయుష్షు తీరిపోతుంది. వరసగా కనీసం అయిదేళ్లు అనేది ఆ పురుగు ఆయుష్షుని బట్టి కట్టిన లెక్క. మధ్యలో రెండేళ్లు మానేస్తే మొదటికొచ్చినట్టే. కొన్ని జిల్లాల్లో ఇప్పుడు ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నారు. దేశంలో ఇది 2018 చివర బిహార్‌లోని అర్వల్ జిల్లాలో మొదలైంది. మూడూ కలిపితే రక్తం చాలా ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటుంది కాబట్టి తక్కువ విడతల్లో పని అవుతుంది.

ఈ పురుగు గెలవలేని జబ్బు కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమి వేలల్లో పెరుగుతుంది, ఫైలేరియా పురుగు పెరగదు. ఒక పిల్ల పురుగు వెళ్తే, బతికి బట్టకడితే, ఒక్కటే బయటికొస్తుంది. మనిషి ఒంట్లో ఆడదీ మగదీ రెండూ చేరి జత కుదిరితేనే సంతానం. అందుకే ఒక మనిషి ఒంట్లో కాపురం నిలబడాలంటే వందలు, వేల సార్లు పురుగున్న దోమలు కుట్టాలి. రక్తంలో పురుగున్నవాళ్ల సంఖ్య ఒక స్థాయి కంటే తగ్గితే గొలుసు దానంతటదే తెగిపోతుంది. చైనా 2007లో, శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ జబ్బు నుంచి బయటపడ్డాయి. మనలాంటి మురుగూ, మనలాంటి దోమలూ ఉన్న దేశాలే.

చైనాలో చాలాచోట్ల మాత్రలు పంచే బదులు డీఈసీని వంట ఉప్పులో కలిపి నెలల తరబడి ఊరందరి చేతా తినిపించారు. జబ్బు లేదనుకునేవాణ్ణి ఒప్పించే పని తప్పిపోయింది. మన దగ్గర ఆ దారి కాకుండా ఒక్కొక్కరినీ అడిగి మింగించే దారి ఎంచుకున్నాం. ఇది మంచి దారే. మనిషి ఒంట్లోకి పోయే మందు అతనికి తెలిసి పోవడమే న్యాయం. కానీ ఈ దారిలో చెప్పడం అనేది మందులో ఒక భాగం. ఆ భాగాన్ని మనం నిర్లక్ష్యం చేశాం. ఆశా కార్యకర్త చేతికి మాత్రలూ రిజిస్టరూ ఇచ్చారు. రోజుకి ఇన్ని ఇళ్లని టార్గెట్ ఇచ్చారు. ప్రతి గుమ్మం దగ్గరా ఓపిగ్గా కూర్చుని ‘కాలు బాగున్నవాళ్ల రక్తంలోనే ఉంటుందండి’ అని చెప్పేంత టైం ఇవ్వలేదు.

దాని ఫలితం రిజిస్టరులో కనబడదు. పంచిన మాత్రలు వేరు, మింగిన మాత్రలు వేరు. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగితేనే విడత పనిచేసినట్టు. అంతకంటే ముఖ్యం, మానేసేది ఎవరన్నది. ఒక ఊళ్లో వెయ్యిమంది ఉన్నారనుకుందాం, ఏటా 350 మంది మానేస్తున్నారు. ఏ ఏడాది ఎవరు మానేస్తారన్నది కలగాపులగంగా ఉంటే, అయిదేళ్లు గడిచేసరికి ఒక్కసారి కూడా మింగనివాళ్లు లెక్క ప్రకారం అయిదారుగురే మిగులుతారు. అలాకాక ఏటికేడూ అదే 350 మంది మానేస్తే, అయిదేళ్ల తర్వాత కూడా 350 మందీ అలాగే ఉంటారు. శాతం రెండిట్లోనూ ఒకటే. మొదటి ఊళ్లో పురుగు పోతుంది. రెండో ఊళ్లో దర్జాగా ఉంటుంది.

అలా ఎప్పుడూ మింగనివాళ్లు ఎవరో ఊహించడం పెద్ద కష్టం కాదు. పగలు ఇంట్లో ఉండని మగవాళ్లు. టౌన్లో అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆశాని ఆపేసే చదువుకున్నవాళ్లు. ‘అది పల్లెటూరి వాళ్లకి వచ్చే జబ్బు’ అని వీళ్లకో నమ్మకం, నిజానికి ఆ దోమకి పల్లె కంటే టౌను మురుగే ఇష్టం. భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువులూ రొయ్యల చెరువుల గట్ల మీద పాకల్లో ఉండే కాపలావాళ్లు. రాత్రంతా దోమల మధ్యే ఉండే వాళ్ల పాకలు ఇంటింటి జాబితాలో తప్పిపోవడం చాలా తేలిక. కువైట్ వెళ్లి రెండేళ్లకోసారి వచ్చే కోనసీమవాళ్లు. పురుగు ఆయుష్షు వాళ్ల వీసా కంటే ఎక్కువ. వేరే రాష్ట్రాల నుంచి రొయ్యల ఫ్యాక్టరీల్లో పనికొచ్చినవాళ్లు. వీళ్లని అనుమానంగా చూడటం వల్ల ఒరిగేదేమీ లేదు, ఓటు లేకపోయినా మాత్ర అందాలి. మనం మధ్యాహ్నం అన్నాల వేళ మాత్రలు పంచితే అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లకే అందుతాయి. చీకటి పడ్డాక చెరువు గట్టు మీదకి, షిఫ్టు మారే వేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్తే లెక్క మారుతుంది.

సైడ్ ఎఫెక్టుల భయం ఇంకో అడ్డంకి. మాత్ర మింగిన సాయంత్రం కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, కళ్లు తిరగడం ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. కానీ ‘ఫలానావాళ్లబ్బాయి మాత్ర వేసుకుని పడిపోయాడట’ అన్న మాట తెల్లారేసరికి నాలుగు ఊళ్లు దాటుతుంది. ఆ జ్వరం ఎందుకొచ్చిందో చెప్తే మాత్రం కథ తిరగబడుతుంది. రక్తంలో లక్షల పిల్ల పురుగులు ఒక్కసారిగా చచ్చి చీలినప్పుడు శరీరం ఇచ్చే స్పందన అది. పురుగులు లేనివాళ్లలో చాలామందికి ఏమీ అనిపించదు. కాబట్టి ఆ రాత్రి జ్వరం వచ్చిన కుర్రాడే, ఏ జబ్బూ లేదనుకుంటూ పురుగుని మోస్తున్నవాడు అయ్యే అవకాశం ఎక్కువ. అతనికి ఒక పారాసిటమాల్ బిళ్ల, పక్కన కూర్చుని ధైర్యం చెప్పే మనిషీ కావాలి. అప్పుడు వదిలేస్తే వచ్చే ఏడాది ఆ వీధి మొత్తం తలుపులు వేసుకుంటుంది. విడత నడిచే రోజుల్లో ఊళ్లో డాక్టరు బృందం తిరుగుతూ ఉండాలన్న నియమం ఉన్నది అందుకే. దాన్ని కాగితం మీదే ఉంచితే మాత్రలు ఎన్ని పంచినా వృథా.

ఊరి మేలు కోసం ఆరోగ్యవంతుణ్ణి మందు మింగమనడం న్యాయమేనా అన్నది ఎవరైనా అడగదగ్గ ప్రశ్న. బోదకాలు సంగతిలో ఆ మనిషి పూర్తిగా ఆరోగ్యవంతుడు కాడన్నదే జవాబు. పైకి ఏమీ కనబడకపోయినా పురుగులు కాపురమున్న చోట శోషరస నాళాలు సాగిపోయి, వంకరలు తిరిగి ఉంటాయి. స్కానింగులో అవి స్పష్టంగా తెలుస్తాయి. బతికున్న పురుగుల కదలిక కూడా అల్ట్రాసౌండ్‌లో కనబడుతుంది. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిని మూత్రంలో కంటికి కనబడనంత రక్తం పోతుంటుంది. పురుగు చాలాసార్లు చిన్నతనంలోనే చేరుతుంది, కాలు వాచేది నలభైల్లో. మధ్యలో ఉన్న ఆ ముప్పై ఏళ్లూ నాళాలు దెబ్బతింటూనే ఉంటాయి. మాత్ర మొదట మేలు చేసేది మింగినవాడికే.

ఇక కాళ్లు వాచినవాళ్ల సంగతి. ఊళ్లో వాచిన కాళ్లు లెక్కపెట్టి ‘జబ్బు తగ్గలేదు, మాత్రలు పనిచెయ్యలేదు’ అనేవాళ్లున్నారు. అది పొరపాటు. ఆ కాళ్లు మాత్రలకి ముందు కాలానివి, ఆ మనుషులున్నంత కాలం ఉంటాయి. వాళ్లకి మాత్ర కంటే సబ్బు, నీళ్లు, మెత్తటి గుడ్డ ఎక్కువ ఉపయోగం. రోజూ సాయంత్రం గోరువెచ్చగా కూడా అక్కర్లేదు, మామూలు మంచినీళ్లతో, ఒంటి సబ్బుతో మెల్లగా కడిగి, మడతల్లోనూ కాలివేళ్ల సందుల్లోనూ తడి లేకుండా అద్ది, వేళ్ల మధ్య పాచినప్పుడు పూత మందు రాసి, పడుకునేటప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకుంటే చలిజ్వరాలు బాగా తగ్గుతాయి. చలిజ్వరం రాకపోతే కాలు పెరగడం చాలావరకూ ఆగుతుంది. నాట్లకి బురదలోకి దిగక తప్పని ఆడకూలీకి ఇది చెప్పినంత తేలిక కాదు, అయినా ఇంటికొచ్చాక ఆ పదిహేను నిమిషాలు ఆమెకి దక్కాలి. రెండు కాళ్లూ తీవ్రంగా వాచినవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం పింఛను ఇస్తోంది, మంచి పని. వరిబీజానికి ఆపరేషన్ ఉంది. సిగ్గుపడి ఏళ్ల తరబడి పంచెలో దాచుకోనక్కర్లేదు.

జబ్బు నిజంగా పోయిందో లేదో తెలుసుకోవడానికి పిల్లల్ని చూస్తారు. విడతలన్నీ అయ్యాక, పురుగున్నవాళ్లు నూటికి ఒకరి కంటే తగ్గారని రాత్రి పరీక్షల్లో తేలితే, ఒకటీ రెండూ తరగతులు చదివే 6, 7 ఏళ్ల పిల్లలకి వేలు గుచ్చి ఒక పట్టీ మీద రక్తం వేస్తారు. పెద్ద పురుగు వదిలే పదార్థాన్ని ఈ పరీక్ష పట్టుకుంటుంది కాబట్టి అర్ధరాత్రి వెళ్లనక్కర్లేదు, బడి వేళలోనే అవుతుంది. పది నిమిషాల్లో ఒక గీత వస్తే లేనట్టు, రెండు వస్తే ఉన్నట్టు. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఎక్కువ కాలం మాత్రల విడతలు నడుస్తుండగా పెరిగినవాళ్లు. వాళ్లలో ఎవరికైనా రెండో గీత వచ్చిందంటే, ఈ నాలుగైదేళ్లలో ఆ చుట్టుపక్కల ఎవరి రక్తంలోనో పురుగు తిరుగుతోందన్నమాట. ఒక జిల్లా ఈ పరీక్ష నెగ్గితే సామూహిక మందు ఆపుతారు. ఆపాక కూడా రెండేళ్లకోసారి మళ్లీ చూస్తారు. శ్రీలంకలో జబ్బు పోయిందని ప్రకటించాక కూడా నైరుతి తీరంలో అక్కడక్కడా పురుగున్నవాళ్లు బయటపడుతూనే ఉన్నారు.

2027 నాటికి దేశంలో బోదకాలు లేకుండా చెయ్యాలని కేంద్రం గడువు పెట్టుకుంది. డెల్టాలో మిగిలిన పని ఎక్కువగా ఆ రెండో గీత చుట్టూనే ఉంటుంది. ఒక బడిలో ఒక పిల్లకి రెండో గీత వస్తే, ఆ రాత్రే బృందం ఆ వీధికి వెళ్లాలి. పిల్లకి మందిచ్చి ఊరుకోకుండా, ఆమె పడుకునే మంచం పక్క మంచం, పక్కిల్లు, ఎదురిల్లు, వెనక పెరటి డ్రెయిను అవతలి పాక, అందరి వేళ్లూ గుచ్చాలి. ‘మాకేం జబ్బండీ’ అని ఎవరైనా అంటే, కూర్చుని చెప్పాలి.